శిష్యుల చేతిలో ఓడిన గురువు

వార్షికోత్సవం రోజున శాలువా హెడ్మాస్టరు గారికి, దండ కరస్పాండెంటు గారికి. సాయంత్రం బడి వదిలాక మరో గంట ఉండిపోయి పిల్లలకు బంతి పట్టడం నేర్పిన అసిస్టెంటు మాస్టారు ఆ సమయానికి వెనకాల కుర్చీలు సర్దిస్తుంటారు. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు, మేమూ అలాంటి సభల్లో ముందు వరసలో కూర్చున్నవాళ్లమే. కానీ రెండో స్థానంలో ఉన్న గురువు చేసే పని ఎంతటిదో ఆలోచించాలంటే మాకు తెలిసిన మంచి ఉదాహరణ ఒకటి ఉంది. అది అమెరికా కాలేజీ ఆటల్లోది. ఆట పేరు లాక్రాస్.

తెలియనివారికి రెండు మాటలు. ఒక కర్ర, దాని కొసన చిన్న వల. బంతిని ఆ వలతోనే పట్టాలి, మోసుకుంటూ పరిగెత్తాలి, విసిరి గోల్ చేయాలి. ఉత్తర అమెరికా ఆదివాసుల నుంచి వచ్చిన ఆట ఇది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో జట్టుకు ఆరుగురు చొప్పున ఆడే పద్ధతిలో ఉండబోతోంది. మగవాళ్ల ఆటలో వల లోతుగా ఉంటుంది, హెల్మెట్లు పెట్టుకుని ఒకరినొకరు ఢీకొంటారు. ఆడవాళ్ల ఆటలో అలా ఢీకొనడం కుదరదు. వల లోతు కూడా తక్కువ, అందువల్ల బంతి తేలిగ్గా జారిపోతుంది. ఈ తేడా గుర్తుంచుకోవాలి, అసలు సంగతి దాని చుట్టూనే ఉంది.

గ్యారీ గెయిట్ కెనడాలోని విక్టోరియాలో పుట్టారు. కవల సోదరుడు పాల్‌తో కలిసి సిరక్యూస్ యూనివర్సిటీకి ఆడారు. 1988 జాతీయ సెమీఫైనల్లో గోల్ వెనక నుంచి గాల్లోకి ఎగిరి, పైనున్న అడ్డకమ్మీ మీదుగా బంతిని లోపలికి దించారు. అదే మ్యాచ్‌లో రెండుసార్లు! ఆ ఎగురుడుకు ‘ఎయిర్ గెయిట్’ అని పేరే పడిపోయింది. తర్వాత ఇండోర్ ప్రొఫెషనల్ లీగ్‌లో 1995 నుంచి 1999 వరకు ఐదేళ్లూ అత్యుత్తమ ఆటగాడి బహుమతి ఆయనదే.

సరిగ్గా ఆ ఐదేళ్లలోనూ ఆయన మేరీలాండ్ యూనివర్సిటీ అమ్మాయిల జట్టుకు అసిస్టెంట్ కోచ్. హెడ్ కోచ్ సిండీ టిమ్‌చల్ అనే ఆవిడ. ఆ ఆటలో అంత పేరున్న మనిషి, తాను ఎన్నడూ ఆడని అమ్మాయిల ఆటలో, ఒకరి కింద పనిచేయడానికి ఒప్పుకున్నారు. ఒకటీ రెండూ కాదు, తొమ్మిది సీజన్లు. 1995 నుంచి 2001 వరకు మేరీలాండ్ వరసగా ఏడు జాతీయ టైటిళ్లు గెలిచింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఘనత అంతా గెయిట్‌కే కట్టబెట్టడం అన్యాయం. ఆయన రాకముందే, 1992లోనే, టిమ్‌చల్ ఒక టైటిల్ గెలిచి ఉన్నారు. తన దగ్గర లేని విద్య ఎవరి దగ్గర ఉందో చూసి, ఆ మనిషిని పక్కన పెట్టుకుని, నేర్పనివ్వడం ఆమె గొప్ప. తనకన్నా పేరున్నవాడిని అసిస్టెంటుగా తెచ్చుకోవడానికి జంకని హెడ్మాస్టర్లు ఎందరుంటారో మన టీచర్లకు వేరే చెప్పక్కర్లేదు.

గెయిట్ తెచ్చిన విద్య కర్రపనితనం. వీపు వెనక నుంచి బంతి అందించడం, ఒకవైపు విసిరినట్టు నటించి మరోవైపు విసరడం వంటివి మగవాళ్ల ఆటలో పుట్టి పెరిగిన ఒడుపులు. లోతు లేని వలతో అవి చేయడం ఎక్కువ కష్టం. ఆ కష్టం చూపించి ‘అమ్మాయిలకు ఇది వద్దు’ అనేయడం సులువు. ఆయన ఆ మాట అనలేదు. ఆ కర్రతోనే, ఆ వలతోనే నేర్పారు. ఆస్ట్రేలియా నుంచి వచ్చి మేరీలాండ్‌కు ఆడిన జెన్ ఆడమ్స్ ఆటలో ఆ పనితనం అందరూ చూశారు. 2001లో అమెరికా కాలేజీ లాక్రాస్‌లో అత్యుత్తమ క్రీడాకారులకు తెవారాటన్ ట్రోఫీ మొదటిసారి ఇచ్చినప్పుడు, మహిళల్లో అది ఆమెకే దక్కింది.

అసిస్టెంటు దగ్గరే ఇలాంటివి బాగా పట్టుబడతాయని మా అభిప్రాయం. జట్టులో ఎవరిని ఆడించాలి, ఎవరిని కూర్చోబెట్టాలి అన్న చివరి మాట హెడ్ కోచ్‌ది. ఆవిడ చూస్తుండగా బంతి జారవిడవడానికి ఏ పిల్లకైనా భయమే. అసిస్టెంటు ముందు పదిసార్లు జారవిడిచినా జట్టులో చోటు పోదు. పదకొండోసారి పట్టుకోవచ్చు. లెక్కల మాస్టారు ముందు నోరు విప్పని పిల్లవాడు ట్యూషన్ అక్క దగ్గర గడగడా చెప్పేది ఇందుకే. తల్లిదండ్రులు బడి చూడ్డానికి వచ్చినప్పుడు ప్రిన్సిపాల్ ఎవరని అడుగుతారు. మా పిల్ల పక్కన రోజూ నిలబడేది ఎవరు అని కూడా అడగండి.

గెయిట్ ఆ తర్వాత సిరక్యూస్ అమ్మాయిల జట్టుకు హెడ్ కోచ్ అయ్యారు. 2008 సీజన్ నుంచి 2021 దాకా ఉన్నారు. అక్కడ ఒక్క జాతీయ టైటిలూ రాలేదు. మూడుసార్లు ఫైనల్‌కు చేరి మూడుసార్లూ ఓడారు. ఇది చూసి, అసిస్టెంటుగా మంచివాడే గానీ పెద్ద కుర్చీకి సరిపోలేదని ఎవరైనా అనవచ్చు. మేము మాత్రం ఆ మూడు ఫైనళ్లలో ఎదుటి జట్ల కోచ్‌లు ఎవరో చూశాం.

2012లో ఓడించింది నార్త్‌వెస్టర్న్. దాని కోచ్ కెల్లీ అమాంటే హిల్లర్, మేరీలాండ్‌లో గెయిట్ దగ్గర నేర్చుకున్నారు. 2014లో ఓడించింది మేరీలాండే. కోచ్ క్యాథీ రీస్, 1995 నుంచి 1998 వరకు అదే జట్టులో ఆడి నాలుగేళ్లూ టైటిల్ గెలిచిన ఆయన శిష్యురాలు. 2021లో బోస్టన్ కాలేజీ 16-10తో గెలిచింది. దాని కోచ్ అకేషియా వాకర్ వైన్‌స్టైన్ చదివిందీ, ఆడిందీ కూడా మేరీలాండ్‌లోనే.