పని అప్పగించి పక్కకు తప్పుకోవడమూ ప్రేమే

2020 మార్చిలో బడులు మూతపడిన వారం రోజులకే గజపతినగరంలోని మా ఇంటి గోడ మీద పెద్ద చార్టు ఒకటి వెలిసింది. ఉదయం ఆరింటికి ప్రార్థన, ఆరున్నరకు వాక్య పఠనం, ఏడింటికి లెక్కలు, ఎనిమిదింటికి ఇంగ్లిషు... ఇలా రాత్రి తొమ్మిది దాకా పద్నాలుగు గడులు. పని పూర్తయిన గడిలో పిల్లలే టిక్కు పెట్టాలి. మొదటి నెలంతా టిక్కులు బ్రహ్మాండంగా పడ్డాయి. ఫోనులో బంధువులకు గొప్పగా చెప్పుకున్నాం కూడా. ఒక సాయంత్రం ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి లెక్కల నోటుపుస్తకం తిరగేస్తే, గైడులో ఉన్నది ఉన్నట్టుగా, అచ్చుతప్పుతో సహా ఎక్కించి ఉంది. నిలదీశాను. ‘అన్నీ అయిపోతేనే కదా నాన్నా మీరు కేకలెయ్యరు’ అంది.

ఆ మాట చాలాకాలం నన్ను వదల్లేదు. అబద్ధం ఆడింది మా అమ్మాయే. కాని ఆ అబద్ధానికి దారి చూపింది నా చార్టు. బిడ్డ మోయలేనంత పని పెట్టాను. పెట్టిన పనిని నమ్మకంతో ఆమెకు వదిలానా అంటే అదీ లేదు. గంటకోసారి వెనకాల నిలబడి తొంగి చూశాను. ఇంటిని బడిగా చేసుకున్న తల్లిదండ్రులం చాలామందిమి ఈ రెండు తప్పులూ కలిపే చేస్తాం. అలా చేస్తే పిల్లలకు పని అలవాటు కాదు, తప్పించుకోవడం అలవాటవుతుంది.

ఇంటి బడి అనగానే క్రైస్తవ చరిత్రలో మొదట గుర్తొచ్చే తల్లి సుసన్నా వెస్లీ. మెథడిస్టు ఉద్యమానికి పునాది వేసిన జాన్, చార్లెస్ వెస్లీల తల్లి ఆమె. ఇంగ్లాండులోని ఎప్‌వర్త్ అనే ఊరిలో కాపరి భార్యగా పేదరికంతో సంసారం ఈదుతూ, తన పిల్లలకు తానే చదువు చెప్పింది. పంతొమ్మిది మందిని కంటే బతికి పెద్దవాళ్లయింది పది మంది. రోజుకు ఆరు గంటలే బడి: ఉదయం మూడు, మధ్యాహ్నం మూడు. సాయంత్రం ఐదింటికి పెద్దపిల్లలు తలా ఒక చిన్నపిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని, ఆ నాటి కీర్తనలూ కొత్త నిబంధనలో ఒక అధ్యాయమూ చదివి వినిపించేవారు.

తన పద్ధతిని వివరిస్తూ 1732లో జాన్‌కు రాసిన ఉత్తరంలో ఆమె ఒక నియమం చెప్పింది. దెబ్బల భయమే పిల్లల్ని అబద్ధాల్లోకి నెడుతుందని గ్రహించి, చేసిన తప్పును దాచకుండా ఒప్పుకుని దిద్దుకుంటానన్న బిడ్డను కొట్టకూడదని ఆ ఇంట్లో చట్టం పెట్టుకున్నారు. ఇంకొకటి కూడా ఉంది. బిడ్డ మంచి మనసుతో చేసిన పని సరిగా కుదరకపోయినా, ఆ మనసును స్వీకరించి, ఇకమీదట ఎలా చేయాలో తియ్యగా చెప్పాలట. సుసన్నా క్రమశిక్షణ విషయంలో మెత్తని మనిషి కాదు. అంతటి కఠినురాలే భయంతో పని చేయించలేమని తేల్చిందంటే, మనం ఆగి ఆలోచించాలి.

దేవుడు పని అప్పగించిన తీరు చూడండి. ఏదెను తోటను సేద్యం చేసి కాయమని ఆదామును అందులో ఉంచాడు (ఆదికాండము 2:15). జంతువులను అతని దగ్గరికి తెచ్చి, వాటికి ఏ పేరు పెడతాడో చూశాడు. ఆదాము పెట్టిందే వాటి పేరు అయింది (2:19). సృష్టికర్తకు అంతకన్నా మంచి పేర్లు తెలియవా? అయినా మనిషి పనిని మనిషికే వదిలాడు. తర్వాత చల్లపూట తోటలోకి వచ్చాడు (3:8). ఆ రోజు ఆదాము చెట్ల చాటున దాక్కున్నాడు. మా అమ్మాయి గైడు చాటున దాక్కున్నట్టే! దేవుడు రావడం మానలేదు, ‘ఎక్కడున్నావు’ అని అడిగాడు. పని అప్పగించడం, చేసుకోనివ్వడం, సాయంత్రం వచ్చి ప్రేమతో లెక్క అడగడం. మన ఇళ్లలో మొదటిది ఎక్కువై, రెండోది లేకుండా పోయి, మూడోది కోపంగా మారింది.

ఆ సాయంత్రం తర్వాత మేము చార్టు తీసేశాం. బడులు 2021లో మళ్లీ మూతపడినప్పుడు కూడా, ఆగస్టు 16న తెరిచేదాకా, వేరే పద్ధతి నడిపాం. పొద్దున్నే బిడ్డే తన చేత్తో ఒక కాగితం మీద నాలుగు పనులు రాసుకోవాలి. ‘లెక్కలు చదువు’ అని రాయకూడదు, ‘ఐదు భిన్నాల లెక్కలు’ అని రాయాలి. అయిందో లేదో తనకే తెలియాలి. కష్టమైనది ముందు. చిక్కుపడితే పక్కన ప్రశ్నార్థకం పెట్టి తర్వాతి పనికి వెళ్లిపోవాలి, ప్రతిదానికీ ‘అమ్మా’ అని కేక వేయకూడదు. నాలుగూ అయితే ఆ పూట ఆమెదే. తొందరగా ముగించిందని ఐదో పని పెట్టకూడదు. ఈ నియమం మాకు పెట్టుకున్నది, పిల్లలకు కాదు! చీకటి పడ్డాక అరగంట మేము ఆమె పక్కన కూర్చునేవాళ్లం. ముందు ప్రశ్నార్థకాలు చూసేవాళ్లం, తర్వాతే టిక్కులు.

మొదటి వారం సగం పనులు మిగిలిపోయాయి. చెయ్యి దురద పుట్టినా ఊరుకున్నాం. నెల తిరిగేసరికి ప్రశ్నార్థకాలు పెరిగాయి, గైడు అటక ఎక్కింది. తనకు రానిది రాదని ఒప్పుకునే ధైర్యం ఆమెకు వచ్చింది. నాకు మార్కులకన్నా అదే పెద్ద దీవెన.

ఐదేళ్ల పిల్లల్ని అలా వదిలితే ఆటలో పడతారు కదా అని కొందరు అడుగుతారు. నిజమే, చిన్నవాళ్ల పక్కన కూర్చోవాల్సిందే. కాని పదేళ్ల బిడ్డ పక్కన కూడా అలాగే కూర్చుంటే, పదిహేనో ఏట ఎవరు కూర్చుంటారు? ఇంట్లోనే చదివిన పిల్లలు 14 ఏళ్లు నిండాక సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి పరీక్ష రాసే వీలుంది. ఆ పరీక్ష గదిలోకి మాత్రం తల్లి రాలేదు.

ఇది చదువుకున్న తల్లిదండ్రులకే కుదిరే ముచ్చట అనుకోవద్దు. విశాఖపట్నానికో, హైదరాబాదుకో, చెన్నైకో పనులకు వెళ్లి, పిల్లల్ని మామ్మ దగ్గర వదిలిన కుటుంబాలు మా చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఉన్నాయి. మా సంఘంలో ఒక మామ్మకు అక్షరం ముక్క రాదు. రోజూ చీకటి పడ్డాక మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ‘ఇయ్యాల ఏటి చదివావో నాకు బోధపడేలాగ చెప్పరా బాబూ’ అంటుంది. చెప్పలేక తడబడిన చోటే తనకు అర్థం కాలేదని వాడికి తెలిసిపోతుంది. మర్నాడు మళ్లీ ఆ పేజీయే తీస్తాడు. ఆమె చేతిలో చార్టు లేదు, బెత్తం లేదు. వినే ఓపిక ఉంది.

మనుషులు చూస్తున్నప్పుడే కష్టపడడం కాదు, ప్రభువు కోసమని మనసారా పని చేయాలని పౌలు రాశాడు (కొలొస్సయులకు 3:22, 23). మనం ప్రతి నిమిషం చూస్తూ ఉంటే, మన చూపు లేనప్పుడు కూడా చూసే దేవుడొకడున్నాడని బిడ్డకు తెలిసే సందర్భమేదీ? రేపు ఉదయం మీ బిడ్డకు మోయగలిగినంత పని అప్పగించి, గదిలోంచి బయటికి రండి. వంటింట్లో మోకరించి ఆ బిడ్డ కోసం ప్రార్థించండి. సాయంత్రం తప్పక వెళ్లండి. వెళ్లేటప్పుడు మాత్రం బెత్తం పట్టుకుని కాదు, ఆదామును వెదుక్కుంటూ వచ్చిన తండ్రిలా వెళ్లండి.