మందు చేతికందే దూరం

1992లో మొదలైన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం ఐదో దశ దాకా వచ్చింది. 2004 నుంచి హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితం. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం వివక్షను నిషేధించింది, రోగి వివరాల గోప్యతకు హామీ ఇచ్చింది. విధానం మంచిదే. అది జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దాకా ఎలా చేరుతోందన్నదే ప్రశ్న. ఈ మూడూ 2016లో ఉమ్మడి వరంగల్ నుంచి విడిపోయిన జిల్లాలు. తండా నుంచి వచ్చే మిరప కూలీకి మందుల కోసం ఒక రోజు పోతే ఆ రోజు కూలి పోయినట్టే. తెలిసినవాళ్లు చూస్తారేమోనన్న భయం అంతకన్నా పెద్దది. మందు ఆగితే వైరస్ మళ్లీ విజృంభిస్తుంది. ఆరోగ్యం నిలకడగా ఉన్నవారికి మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వాలి. భూపాలపల్లి బొగ్గు లారీల డ్రైవర్లకు రాత్రిపూట పరీక్షా శిబిరాలు పెట్టాలి. వచ్చే ప్రణాళికలో ఈ రెండింటికీ జిల్లాల వారీగా నిధులు చూపించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.