మన ఫోన్‌లో పట్టని వెబ్‌సైట్ ఎవరి కోసం?



స్కాలర్‌షిప్ ఫారం ఫోన్‌లో తెరుస్తరు. సగం పేజీ కుడిపక్కకు పోయి కనబడదు. సబ్మిట్ బటన్ ఎక్కడుందో వేలితో లాగి లాగి వెతకాలె. అక్షరాలు చీమలంత. పెద్దగ చేస్తే ఒక్క లైను చదవడానికి పక్కకు జరపాలె, మళ్ల వెనక్కి రావాలె. అప్పుడు మీరేమనుకుంటరు? "నా ఫోన్ చిన్నది, నాకు రాదు" అనుకుంటరు. ఈ మాట ఇయ్యాల్టితో బంద్ చేయండి. ఆ తప్పు పేజీ తయారు చేసినోళ్లది, చేయించినోళ్లది.

ఎట్లనో చెప్త. మీ ఫోన్ డబ్బా మీద 1080 × 2400 పిక్సెళ్లు అని ఉండొచ్చు. కానీ వెబ్ పేజీ లెక్క వేరు. ఆ చుక్కలు మరీ సన్నవి, ఒక్కో చుక్కతో గీస్తే అక్షరం కంటికి ఆనదు. అందుకని బ్రౌజర్ మూడు చుక్కలను ఒకటిగ లెక్కపెడుతది. అంటే పేజీకి దొరికే వెడల్పు 360. డిజైనర్ ముందున్న మానిటర్ వెడల్పేమో 1920. ఆయన తన టేబుల్ మీద చూసుకొని "బాగుంది" అంటడు, ఆఫీసు బిల్లు పాస్ చేస్తది. గూడెంలో ఎట్ల కనబడుతదో చూసేటోడు ఎవరు?

"నేను ఫోన్‌కు తగ్గట్టు సర్దుకుంటా" అని పేజీ చెప్పకపోతే, బ్రౌజర్ దాన్ని కంప్యూటర్ పేజీ అనుకొని సుమారు 980 వెడల్పుతో గీసి, మొత్తాన్ని కుదించి చూపెడుతది. చీమలంత అక్షరాలకు కారణం ఇదే. దీన్ని ఆపేది వ్యూపోర్ట్ ట్యాగ్ అనే ఒక్క లైను. ఆ తర్వాత వెడల్పులు శాతాల్లో ఇవ్వాలె, బొమ్మ తన గడి దాటొద్దు, తెర చిన్నదైతే మూడు నిలువు వరుసలు ఒక్కటి కావాలె. దీనికి 'రెస్పాన్సివ్ వెబ్ డిజైన్' అని ఈతన్ మార్కాట్ అనే డిజైనర్ పేరు పెట్టింది 2010లో. ఇదేం కొత్త విద్య కాదు.

తెలుగుకు ఇంకో కష్టం ఉంది. గుడులు పైకి లేస్తయి, ఒత్తులు కిందికి దిగుతయి. ఇంగ్లీషు అక్షరాల కొలతతో లైన్ల మధ్య జాగా పెడితే ఒత్తులు కింది లైనుకు తగులుతయి. 'ధ్రువీకరణపత్రం' అన్న మాట ఇంగ్లీషుకు కొలిచిన చిన్న బటన్‌లో పడుతదా?

నియమం లేదా అంటే ఉంది. 320 వెడల్పు తెర మీద కూడా పక్కకు జరపకుండా చదవగలగాలని 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 ప్రమాణం చెప్తది. పట్టికలు, మ్యాపుల వంటి వాటికే మినహాయింపు. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు మొదట 2009లో వచ్చినయి. 2023 నాటి మూడో కూర్పు ఈ ప్రమాణాన్నే తీసుకున్నది. మనం అడిగేది దయ కాదు, వాళ్లు రాసుకున్న రూలే.

"కంప్యూటర్‌లో తెరవండి" అంటరు. ఎక్కడిది కంప్యూటర్? తిర్యాణి, నార్నూర్ గూడేల నుంచి ఆన్‌లైన్ సెంటర్‌కు పోతే ఆటో కిరాయి, ఒక రోజు కూలి, సెంటర్ ఖర్చు. సర్వర్ డౌన్ అయితే ఇంకో రోజు. పైగా ఆధార్, ఓటీపీ మూడో మనిషి చేతిలో పెట్టి రావాలె. భూమి రికార్డులు 2020లో ధరణికి, 2025లో భూభారతికి ఎక్కినయి. పట్టా, కులం సర్టిఫికెట్, ఫీజు అన్నీ తెర మీదికి పోయినంక, ఆ తెర మనకు ఆనకపోతే నడుమ దళారి కూసుంటడు. ఒకప్పుడు సంతలో కూసున్నోడే.

ఏం చేద్దాం? ప్రతి సైట్‌ను మీ ఫోన్‌లో తెరవండి. పక్కకు పొంగితే, బటన్ దొరకకపోతే, స్క్రీన్‌షాట్ తీసి తేదీ రాయండి. సోమవారం ప్రజావాణిలో దరఖాస్తుగా ఇవ్వండి. ఏ సైజు తెరల మీద పరీక్షించిన్రో, ఆ రిపోర్టు కాపీ ఇవ్వమని 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి.

కరీంనగర్, ఆదిలాబాద్ కాలేజీల్లో కంప్యూటర్లు చదివే పిల్లలూ, మీకో మాట. మన సంఘాల పేజీలు ముందు 360 వెడల్పుకు కట్టండి, పెద్ద తెర సంగతి తర్వాత. గోండి రాతను బొమ్మగా అతికించకండి. బొమ్మ చిన్న తెర మీద ముడుచుకుపోతది, పెద్దగ చేస్తే మసకబారుతది. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన లిపికి 2018లో యూనికోడ్‌లో చోటొచ్చింది. ఫాంట్‌ను పేజీతోనే పంపి అక్షరంగానే రాయండి.

సర్కారు సైటుకు కొలబద్ద మన అవ్వ చేతిలోని ఫోన్ కావాలె. అందులో పట్టని పేజీకి బిల్లు పాస్ చేయొద్దని అడుగుదాం.

జై ఆదివాసీ!