కొర్రబయలు విడిది

నర్సీపట్నమునకు రైలు లేదు. ఆ ఊరి పేర 'నర్సీపట్నం రోడ్డు' అను స్టేషను ఒకటి కలదు గాని, అది ఊరికి చాల దూరమున ప్రధాన రైలుమార్గముపై నున్నది. అందుచేత ఇటు మన్యమునకు పోవువాడు ఏ దిక్కునుండి బయలుదేరినను కడకు రోడ్డు ప్రయాణమే చేయవలెను. శీతకాలమున శనివారము మధ్యాహ్నమైనచో నర్సీపట్నపు వీధులలో ఈ ప్రయాణపు సందడి కానవచ్చును. విశాఖపట్నమునుండియు, రాజమహేంద్రవరమునుండియు వచ్చిన కార్లు అచట ఆగును. పిల్లలు దిగి కాళ్లు సాగదీసికొందురు. పెద్దలు పెట్రోలు పోయించుకొని, పాలు, రొట్టెలు, రగ్గులు సమకూర్చుకొందురు. పిమ్మట డౌనూరు దాటి, ఘాటురోడ్డెక్కి, చీకటి పడువేళకు లంబసింగి చేరి, అద్దె గుడారములలో దిగి, చలిమంట చుట్టును కూర్చుందురు. తెల్లవారుజామున చెరువులవేనము కొండనెక్కి, కాళ్లక్రింద పరచుకొన్న మంచుమబ్బులను చూచి మురిసి, తిరుగుముఖము పట్టుదురు.

ఇందు తప్పేమియు లేదు. ఇల్లు విడిచి ఆరుబయట ఒక రాత్రి గడుపవలెనను కోరిక మనుష్యునకు క్రొత్తది కాదు. పాశ్చాత్యదేశములలో మంచము, పొయ్యి, నీటితొట్టి అమర్చిన చక్రముల యిండ్లలో కుటుంబములు దేశసంచారము చేయును. సాయంకాలమునకు వాటికై ఏర్పరచిన మైదానములలో వాటిని నిలుపుకొనును. మన తాతలకు గూడుబండి అట్టి చక్రముల యిల్లే. తీర్థమునకో పెండ్లికో బయలుదేరిన బండ్లు ప్రొద్దు గ్రుంకకముందే ఏ మామిడితోపులోనో ఆగెడివి. ఎడ్లను విప్పి నీళ్లు పెట్టి, మూడు రాళ్లు చేర్చి పొయ్యి రాజేసి, అత్తెసరు దించుకొని తిని, బండిక్రింద చాప పరచుకొని పండుకొనెడివారు. మరునాడు వారు కదలిన తరువాత ఆ తోపులో మిగులునవి నల్లబడిన మూడు రాళ్లు, కొంత గడ్డి, కొన్ని విస్తరాకులు. విస్తరాకులు పశువులు తినెడివి. రాళ్లు వెనుక వచ్చు బండివారికి పనికివచ్చెడివి.

ఇప్పుడు లంబసింగి పరిసరములలో మిగులునవి వేరు. ప్లాస్టిక్ సీసాలు, చిరుతిండి పొట్లములు, పగిలిన గాజుపెంకులు. వలిసె పూచిన చేలలో ఛాయాచిత్రములకై నడచినవారి అడుగులు. వలిసె వేడుకకై పెంచు పూలతోట కాదు. గింజనుండి నూనె తీయుటకై వేసిన పంట. నలిగిన ప్రతి మొక్కయు గిరిజన రైతు గింజలలో తరుగే. నడిరాత్రి దాటువరకు గుడారముల యొద్ద మ్రోగు పాటలు, ఉదయముననే లేచి కాఫీతోటకు కూలికి పోవలసినవాని నిద్రను చెరచును.

ఈ దోషమంతయు ఒక మాటను మరచుటవలన వచ్చినది. తెలుగున 'విడిది' అను చక్కని మాట కలదు. పెండ్లికి తరలివచ్చిన మగపెండ్లివారికి ఆడపెండ్లివారు చూపు ఇల్లు విడిది. ఆ మాటలోనే ఇచ్చువాడొకడు, పుచ్చుకొనువాడొకడు ఉన్నారు. ఆతిథేయుడు లేని విడిది లేదు. 'అద్దె చెల్లించితిమి గదా' యని నేటి యాత్రికుడు అనవచ్చును. అద్దె గుడారమునకే చెల్లినది. ఊరివారి నిద్రకు, వాగునీటికి, పైరుకు వెల ఎవరును కట్టలేదు. వాటిని ఆ ఊరు అతనికి నమ్మకముపై వదలినది.

లంబసింగికి స్థానికులు వాడు పేరు కొర్రబయలు. రాత్రివేళ బయట ఉండిపోయినవాడు తెల్లవారునప్పటికి కొర్రవలె, అనగా కర్రవలె, బిగిసిపోవునని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల ఎత్తున నున్న ఈ ఊర డిసెంబరు, జనవరి మాసములలో ఉష్ణోగ్రత కొన్ని యేండ్లు సున్న డిగ్రీల సమీపమునకు దిగును. బయట పండుకొనరాదని పేరే హెచ్చరించు చోటికి, బయట పండుకొనుటకే జనులు తరలిపోవుచున్నారు! యాత్రికునకు మందపు రగ్గున్నది, మరునాడు దిగిపోవుటకు కారున్నది. కొండవానికి ఆ చలి ప్రతి రాత్రియు ఉన్నది.

కారు ఎక్కివచ్చిన రోడ్డు సంగతియు తెలిసికొనదగినది. నర్సీపట్నమునుండి లంబసింగి మీదుగా చింతపల్లికి పోవు మార్గమును బ్రిటిషువారి కాలమున వేయించినప్పుడు, రాళ్లు మోసినవారు మన్యపు ప్రజలే. గూడెము డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ వారిచేత బలవంతముగ పని చేయించి, న్యాయమైన కూలి ఇయ్యలేదు. 1882 నాటి మద్రాసు అటవీచట్టము అంతకుముందే వారి పోడుసేద్యమునకు సంకెల వేసియుండెను. ఇట్టి బాధలే 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున తిరుగుబాటై పైకి లేచెను. ఆ యేడు ఆగష్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై దాడులు జరిగెను. 1924 మే 7న రాజు తుపాకిగుండ్లకు బలియయ్యెను. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో నున్నది. 2022లో మన్యపు జిల్లాకు ఆయన పేరు పెట్టిరి. లంబసింగి ఆ జిల్లాలోనిదే. నేడు హాయిగా కారు నడచిపోవు మలుపులలో కూలి ముట్టనివారి చెమట కలదు.

'విహారమునకు వచ్చిన పిల్లలపై చరిత్రభారము ఎందులకు?' అని కొందరు అడుగవచ్చును. 'యాత్రికులు రానిచో ఆ గ్రామస్థులకు వచ్చు నాలుగు రూకలును పోవును గదా' అని మరికొందరు అనవచ్చును. రెండవ మాట నిజమే; యాత్రికులు రావలెను, రొక్కమును గిరిజనుని చేతికి చేరవలెను. కాని నాడు పని పుచ్చుకొని కూలి ఎగవేసినవారిని నిందించువారు, నేడు పైరు త్రొక్కి పరిహారమీయక పోవుట తగునా? ఇక మొదటి మాటకు సమాధానము తెలుగువారి కథలలోనే ఉన్నది.

మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు' ఎరుగని పాతతరపు చదువరి లేడు. అందు మణిసిద్ధుడను యతి వెంట పసులకాపరి కుర్రవాడొకడు కాశికి నడచును. ప్రతి మజిలీలోను కుర్రవాడు ఏదో ఒక వింతను చూచి వచ్చి అడుగును. గురువు దాని కథ చెప్పును. దారి బరువు కాకుండుటకే ఆ కథలు పుట్టినవి. కుర్రవానికి అవి భారము కాలేదు సరిగదా, అవియే అతనిని కాశివరకు నడిపించినవి.

విద్యార్థులను లంబసింగికి తీసికొనిపోవు ఉపాధ్యాయులు ఈ పద్ధతిని పాటింపవచ్చును. వెలుగుండగనే ఊరు చేరి, పెద్దలను పలుకరించి, ఎచట దిగవలెనో, నీరెచట తెచ్చుకొనవలెనో అడుగవచ్చును. వలిసెచేను గట్టుపై నిలిచి, అది యేమి పంటయో, ఎప్పుడు కోతకు వచ్చునో రైతుచేతనే చెప్పించవచ్చును. తెచ్చిన సీసాలను, పొట్లములను తిరిగి నర్సీపట్నమునకు మోసికొనిపోవు పని పిల్లలకే పంచవచ్చును. రాత్రి చలిమంటయొద్ద ఏ పిల్లవాడైనను 'ఈ కొండపైకి రోడ్డు ఎవరు వేసిరి మాస్టారూ?' అని అడుగును. ఆ ప్రశ్నకు చెప్పవలసిన కథను సిద్ధపరచుకొనియే ఉపాధ్యాయుడు నర్సీపట్నములో కారెక్కవలెను.