నేతవాడ పాటకు పీజీలో చోటేదీ?

సోలాపూర్‌లో తెలుగు నేతవాడలున్న తూర్పు ప్రాంతం 'పూర్వ భాగ్'లో పాటకు ఎన్నడూ కరువు లేదు. అశోక్ చౌక్, దాజీ పేట, కుచన్ నగర్, దత్తనగర్ గల్లీల్లో హార్మోనియం, ఢోలక్, తాళాలతో భజనలు సాగుతాయి. శ్రావణ పౌర్ణమికి మార్కండేయుడి రథం వెంట పాట నడుస్తుంది. బతుకమ్మ వస్తే ఆడవాళ్లు చప్పట్లతో వలయం కడతారు. ఇంత పాట ఉన్న వాడల పిల్లలకు విశ్వవిద్యాలయంలో సంగీతం ఎం.ఏ. అన్న మాట మాత్రం పరాయిదిగానే వినబడుతోంది. తప్పు ఆ పిల్లలది కాదు. సంగీతం అంటే ఏమిటో మన ఉన్నత విద్య గీసుకున్న హద్దుదే ఆ తప్పు. ఆ హద్దును చెరిపే పని సోలాపూర్ నుంచే మొదలుకావాలి.

ఈ వాడల చరిత్ర తెలిసిందే. ఇక్కడ 1870లలో బట్టల మిల్లు వచ్చింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో నిజాం రాజ్యంలోని కరీంనగర్, నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి పద్మశాలీ కుటుంబాలు కూలి వెతుక్కుంటూ వచ్చి స్థిరపడ్డాయి. మగవాళ్లు మగ్గాలకు, మిల్లులకు, తర్వాత పవర్‌లూములకు పోయారు. ఆడవాళ్ల చేతికి బీడీల చాట వచ్చింది. వాళ్లు నేసిన చద్దర్‌కు, టవల్‌కు భౌగోళిక గుర్తింపు దక్కింది. వాళ్లు పాడిన పాటకు మాత్రం ఏ విద్యాసంస్థలోనూ తగిన గౌరవం దక్కలేదు.

సంగీతం మన దేశంలో కళాశాల మెట్లెక్కిన తీరు చూస్తే ఇందుకు కారణం అర్థమవుతుంది. విష్ణు దిగంబర్ పలుస్కర్ 1901లో లాహోర్‌లో గాంధర్వ మహావిద్యాలయం పెట్టారు. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల ఆరంభమైతే ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాల్. భాత్‌ఖండే కృషితో 1926లో లక్నోలో మరో కళాశాల వచ్చింది. కొలువులకూ ఘరానాలకూ పరిమితమైన విద్యను స్వరలిపితో, పాఠ్యక్రమంతో, పరీక్షలతో నలుగురి ముందుకు తెచ్చిన మహనీయులు వీరు. వారి రుణం తీరేది కాదు. అయితే అలా లోపలికి వచ్చింది రాగ సంగీతం. జనం పాట బయటే నిలబడింది.

తర్వాత జనం పాట కూడా విశ్వవిద్యాలయంలోకి వచ్చింది, కానీ వేరే గుమ్మం నుంచి. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యంపై చేసిన పరిశోధన తెలుగు జానపద విజ్ఞానానికి పునాది. ఆ దారిలో ఎందరో నడిచి వేల పాటలు సేకరించారు. ఆ పని ఎక్కువగా జరిగింది తెలుగు శాఖల్లో. కాబట్టి పాటలోని మాట అచ్చుకెక్కింది, వరుస అక్కడే మిగిలిపోయింది. అధ్యాపక ఉద్యోగానికి దారి అయిన నెట్ పరీక్షలోనూ ఇదే విభజన. సంగీతం కింద హిందుస్తానీ, కర్ణాటకం, రవీంద్ర సంగీతం, తాళవాద్యాలు విడివిడి శాఖలు. జానపదానికి అలాంటి శాఖ లేదు. విడిగా ఉన్న సబ్జెక్టు పేరు 'జానపద సాహిత్యం'. పాఠ్యక్రమాలు ఉద్యోగాల వైపే చూస్తాయి. జనం బాణీని జీవితకాల అధ్యయనంగా ఎంచుకున్న విద్యార్థికి ఇక దారేదీ?

భజన మండలిలో హార్మోనియం పట్టిన కుర్రాడిని కాసేపు గమనించండి. పాట ఎత్తుకున్నవారు తమ గొంతుకు వచ్చిన శ్రుతిలో ఎత్తుకుంటారు. సగం చరణం దాటకముందే అతని వేళ్లు ఆ షడ్జమాన్ని పట్టేస్తాయి. చరణాన్ని మరో గొంతు అందుకుంటే శ్రుతి మారుతుంది, అతనూ మారతాడు. ఢోలక్ వేగం రెట్టింపైనా పాట చెదరనివ్వడు. ఇదంతా ఏళ్ల సాధన. ఇతనే పీజీ ప్రవేశ పరీక్షకు వెళితే యమన్‌లో విలంబిత్ ఖయాల్ పాడమంటారు, రాగ లక్షణం చెప్పమంటారు. తెల్లమొహం వేస్తాడు. అతని చెవినీ, లయనీ, వందల పాటల జ్ఞాపకాన్నీ కొలిచే ప్రశ్న ఆ పరీక్షలో ఒక్కటీ ఉండదు.

పరిశోధనకు ఇక్కడ ఉన్నంత సరుకు అరుదు. చేమగ్గం ఆడేటప్పుడు పాటకు చోటుండేది. పవర్‌లూమ్ షెడ్డులో పక్కవాడి కేకే వినబడదు. అక్కడ నోరు మూతపడిన పాట ఎక్కడికి వెళ్లింది? తునికాకు కత్తిరించి, పొగాకు చుట్టి, దారం కట్టే బీడీ పనికి చప్పుడు లేదు. ఆ చాటల చుట్టూ ఏ పాటలు బతికాయి? తెలంగాణలో కూనపులివారు పటం చూపిస్తూ పద్మశాలీలకు మార్కండేయ పురాణం గానం చేస్తారు. వలస వచ్చిన వాడల్లో ఆ కథాగానం ఎంత నిలిచింది? పండరిపురం ఈ జిల్లాలోనే ఉంది. అభంగాల ఠేకా తెలుగు తత్వాల నడకను ఎలా మార్చింది? సిద్ధరాముడి కన్నడ వచనాలు, రామ్ జోషి మరాఠీ లావణీలు పుట్టిన ఊరిలో తెలుగు బాణీ ఏం పుచ్చుకుంది, ఏం ఇచ్చింది? ఒక్కో ప్రశ్న ఒక్కో పీహెచ్‌డీ. జవాబు చెప్పగల పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

ఇది సాధ్యమేనని మహారాష్ట్రే చూపించింది. హేమా రాయిర్‌కర్, గీ ప్వాత్‌వాఁ అనే ఇద్దరు పరిశోధకులు ఊరూరా తిరిగి ఆడవాళ్ల విసుర్రాయి పాటలు సేకరించారు. అవి లక్ష దాటాయి. వేల పాటలు ఆ గొంతులతోనే రికార్డయ్యాయి. పాడిన మహిళల పేరు, ఊరు కూడా నమోదు చేశారు. మరాఠీ పల్లె మహిళల పాటకు దక్కిన ఆ శ్రద్ధ, పక్క గల్లీలోని తెలుగు బీడీ కార్మికురాలి పాటకూ దక్కాలి.

శాస్త్రీయ ప్రమాణాలు పలచబడతాయని కొందరు భయపడతారు. ఖయాల్ బోధన ఒక్క గంట కూడా తగ్గించనక్కర్లేదు. దాని పక్కన మరో శాఖ తెరిస్తే చాలు. ఆ శాఖలో చేరిన విద్యార్థి స్వరలిపి, శ్రుతిశాస్త్రం, రికార్డింగు, భద్రపరిచే పద్ధతులు నేర్చుకుంటాడు. అప్పుడు ప్రమాణం పెరుగుతుంది. ఈ పట్టాతో కడుపు నిండుతుందా అన్న ప్రశ్న ఇంకా బరువైనది. వారం కూలితో నడిచే ఇంటికి రెండేళ్ల చదువు చిన్న భారం కాదు. అందుకే ఉపకార వేతనం, సాయంత్రపు తరగతులు లేకుండా ఈ కోర్సు పెడితే అది బోర్డుకే పరిమితమవుతుంది.

చేయగలిగినవి మన చేతుల్లోనే ఉన్నాయి. సోలాపూర్ విశ్వవిద్యాలయం 2004లో ఈ ఒక్క జిల్లా కోసమే ఏర్పడింది. జిల్లా పాటను చదవడం దాని బాధ్యత. సంగీత పీజీలో జానపద బాణీలకు ప్రత్యేక శాఖ ఇవ్వాలి. భజన మండలి అనుభవాన్ని ప్రవేశ అర్హతగా లెక్కించాలి. డిగ్రీ లేని నిపుణులను 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్'గా తీసుకోవడానికి యూజీసీ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. స్థానిక కళాకారులను క్యాంపస్‌లో ఉంచుకునే వీలు కూడా మరుసటి ఏడాది కల్పించింది. భజన గురువులను, బతుకమ్మ పాట ఎత్తే అమ్మలను ఆ హోదాలో పిలవాలి. ఈ వాడల్లో తెలుగు మాట్లాడే పిల్లల్లో చాలామందికి తెలుగు లిపి రాదు. కాబట్టి జానపద అధ్యయనంలో అనుభవమున్న హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయం భాష విషయంలో చేయి కలపాలి.

పద్మశాలీ సంఘాలకూ ఒక విన్నపం. ఇక్కడ బడులు, కాలేజీలు కట్టిన ఘనత మీదే. ఇంజినీరింగ్ సీటు తెచ్చుకున్న పిల్లవాడికి చేసే సన్మానం పాట నేర్చిన పిల్లకూ చేయండి, వాళ్ల పీజీ ఫీజు భరించండి. విశ్వవిద్యాలయం కదిలేదాకా ఆగకుండా, ప్రతి వాడలో పెద్దల పాటలను పాడినవారి పేరుతో సహా ఈ ఏడే రికార్డు చేయించండి.