డిశ్చార్జ్ కాగితంలో ఎముకల ఊసేది?

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను బతికించడంలో మందుల పాత్ర కాదనలేనిది. ఊపిరి మధ్యలో ఆగిపోకుండా కెఫీన్, ఊపిరితిత్తుల్లో చేరిన నీరు తగ్గడానికి ఫ్యూరోసెమైడ్, వెంటిలేటర్ నుంచి తప్పించడానికి డెక్సామెథాసోన్, ఫిట్స్ వస్తే ఫీనోబార్బిటోన్ ఇస్తారు. ఈ నాలుగూ ఎముకను ఏదో ఒక దారిన దెబ్బతీసేవే. ఫ్యూరోసెమైడ్ కాల్షియాన్ని మూత్రంలో పోగొడుతుంది. కెఫీన్ కూడా కొంతవరకు అంతే. డెక్సామెథాసోన్ స్టెరాయిడ్ కాబట్టి ఎముకను కట్టే కణాలను అణచివేస్తుంది. ఫీనోబార్బిటోన్ ప్రభావంతో కాలేయం విటమిన్ డిని త్వరత్వరగా విచ్ఛిన్నం చేస్తుంది. అసలు చిక్కేమిటంటే, గర్భంలో శిశువు కూడబెట్టుకునే కాల్షియం, ఫాస్ఫరస్‌లలో సుమారు 80 శాతం చివరి మూడు నెలల్లోనే చేరతాయి. 28 వారాలకే పుట్టిన బిడ్డ దగ్గర ఖర్చు పెట్టడానికి ఆ నిల్వే ఉండదు.

అలాగని మందులు మానేయమనడం మూర్ఖత్వం. కెఫీన్ ఇచ్చిన పిల్లల్లో ఊపిరితిత్తుల జబ్బు, సెరిబ్రల్ పాల్సీ తగ్గాయని 2006, 2007లలో వెలువడిన పెద్ద అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. నా అభ్యంతరం మందు మొదలుపెట్టడం మీద కాదు, దాని లెక్క ఎవరూ రాయకపోవడం మీద. ఫ్యూరోసెమైడ్‌ను వారాల తరబడి కొనసాగిస్తే ఊపిరితిత్తులకు నిలకడైన మేలు జరుగుతుందనడానికి రుజువులు బలహీనం; అయినా రోజువారీ చీటీలో ఒకసారి ఎక్కిన మందు అక్కడే ఉండిపోతుంది. పైగా రక్తంలో కాల్షియం మామూలుగా ఉందన్న రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండటానికి లేదు. రక్తంలో తగ్గిన కాల్షియాన్ని శరీరం ఎముకలోంచే లాగి భర్తీ చేస్తుంది మరి! ఎక్స్‌రేలో తేడా కనిపించేసరికి కనీసం ఐదో వంతు ఖనిజం పోయి ఉంటుంది. రక్తంలో ఫాస్ఫరస్ తగ్గడం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ పెరగడం అంతకన్నా ముందే హెచ్చరిస్తాయి.

ఎదిగేకొద్దీ ఎముకలు వాటంతటవే గట్టిపడతాయి కదా అనే వైద్యులున్నారు. చాలామంది పిల్లల విషయంలో అది నిజమే. కానీ ఈలోగా పక్కటెముక విరిగితే, అప్పటికే ఆయాసపడుతున్న బిడ్డకు ఊపిరి తీసుకోవడం మరింత కష్టమవుతుంది. చేయో కాలో విరిగితే అమ్మానాన్నలే ఏదో చేశారన్న అనుమానమూ రావచ్చు. చిన్న ప్రాణం నుంచి మాటిమాటికీ రక్తం తీయడం మంచిది కాదన్న మాట సమంజసమే. అందుకే అందరికీ కాకుండా, 1,500 గ్రాముల లోపు పుట్టి ఈ మందులు వారాల పాటు వాడిన వారికి, వేరే పరీక్షలకు తీసే రక్తంతోనే ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చూస్తే చాలు. దుష్ప్రభావాలు చెబితే తల్లిదండ్రులు భయపడి మందు ఆపేస్తారన్నది మరో వాదన. నోరు మూసుకుంటే ఆ భయం పోదు. ఏ మందు ఎన్ని రోజులు వాడారో, విటమిన్ డి చుక్కలు, ఫాస్ఫరస్ ఎంత ఇవ్వాలో, మళ్లీ పరీక్ష ఎప్పుడో డిశ్చార్జ్ కాగితంలో తెలుగులో రాసివ్వాలి. నెలలు తక్కువ పిల్లలకు కంటి రెటీనా పరీక్ష జరగాలని మన దేశంలో జాతీయ మార్గదర్శకాలున్నాయి. ఆ పరీక్ష తేదీ రాసే చోటే ఇంకో రెండు వరుసలు చేరిస్తే సరిపోతుంది.