లారీని ఆపలేక సైకిల్‌ని ఆపుతున్నాం

ఆడపిల్ల సైకిల్ ఇంటి వెనక వసారాలోకి ఎప్పుడు చేరుతుందో గమనించారా? వీధిలో గుండ్రంగా తిరిగే వయసులో అందరం కొనిస్తాం. పడితే లేపుతాం, ఫోటోలు తీస్తాం. ఎనిమిదో తొమ్మిదో తరగతికొచ్చి బడి పక్కూరికి మారగానే, అంటే ఆ సైకిల్‌తో నిజంగా అవసరం పడగానే, దానిమీద పాత బొంతలు ఆరేయడం మొదలుపెడతాం. కారణం అడిగితే ఒకటే జవాబు: "రోడ్డు బాగాలేదు, లారీలు తిరుగుతున్నాయి."

ఈ మాటలో ప్రేమ ఉంది, భయం కూడా ఉంది. న్యాయం మాత్రం లేదు. ప్రమాదం తెచ్చేది లారీ అయితే శిక్ష పడుతున్నది సైకిల్‌కి. ఆ సైకిల్ తొక్కే పిల్లకి.

మా మేళ్లచెరువు సంగతే చూడండి. శివరాత్రి జాతరకి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చే ఊరు. కింద సున్నపురాయి, పైన సిమెంటు ఫ్యాక్టరీలు. ఇక్కడి నుంచి ఒక దారి కోదాడకి, ఒకటి హుజూర్‌నగర్‌కి, ఇంకొకటి చింతలపాలెం మీదుగా వజినేపల్లి వైపు పులిచింతల దాకా పోతుంది. మట్టపల్లి నరసింహస్వామి దగ్గరికీ ఇటునుంచి వెళ్లొచ్చు. కోదాడ చేరితే 65వ నంబరు జాతీయ రహదారి. అటు హైదరాబాదు, ఇటు విజయవాడ దాటి మచిలీపట్నం. మన ఊరి సిమెంటు పట్నానికీ సముద్రం ఒడ్డుకీ హాయిగా వెళ్లిపోతోంది. మన పిల్ల మాత్రం నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న బడికి సొంతంగా వెళ్లలేకపోతోంది.

కారులో వెళ్లేవాళ్లకి ఈ రోడ్లు బాగానే ఉన్నట్టు కనబడతాయి. సైకిల్ మీద వెళ్లేవాళ్లకి కనబడే రోడ్డు వేరు. వాళ్లకి దక్కేది తారు అంచున ఒక మూర జాగా. ఆ అంచు పక్కనే జానెడు లోతు దిగుడు. కిందికి దిగితే కంకర, దిగకపోతే వెనక హారన్. వడ్ల కాలంలో ఆ మూర జాగాలోనూ ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. వానల తర్వాత సర్కారు తుమ్మ కొమ్మలు రోడ్డు మీదికి వంగుతాయి. పక్కనుంచి టిప్పర్ పోయినప్పుడు ఆ గాలికి హ్యాండిల్ వణుకుతుంది, చున్నీ చక్రం వైపు లాగుతుంది, కళ్లలో దుమ్ము పడుతుంది. ఇవన్నీ దేవుడు రాసిన రాతలు కావు. దిగుడు పూడ్చొచ్చు, కొమ్మలు కొట్టొచ్చు, కల్లాలు కట్టొచ్చు, లారీకి వేగం హద్దు పెట్టొచ్చు. ఏదీ చేయకుండా పిల్లని ఇంట్లో కూర్చోబెట్టడం మనకి అన్నిటికన్నా సులువైపోయింది.

డబ్బు లేదంటారా? హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి సైకిళ్ల కోసమే 23 కిలోమీటర్ల దారి వేశారు. పైన సోలార్ పలకల కప్పు, రాత్రికి దీపాలు. 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. మంచి పనే, నాకేం కడుపుమంట లేదు. ఎండలో తొక్కేవాళ్లకి నీడ ఇచ్చారు, ఆ నీడలోంచి కరెంటు కూడా తీస్తున్నారు. కానీ అక్కడికి కారు వెనక సైకిల్ కట్టుకుని వచ్చి, తొక్కి, మళ్లీ కారెక్కి ఇంటికి పోయేవాళ్లూ ఉన్నారు. ఒళ్లు తగ్గడానికి తొక్కేవాళ్లకి గొడుగు పట్టిన రాష్ట్రం, చదువుకోవడానికి తొక్కేవాళ్లకి రోడ్డు అంచున మొరం పోయలేదా? నేను కప్పు అడగడం లేదు. దీపాలు కూడా తర్వాత చూసుకుందాం. ముందు ఆ జానెడు గుంట పూడ్చండి.

"బస్సు ఉచితమేగా, సైకిల్ ఎందుకు?" అని కొందరంటారు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకి టికెట్ లేకపోవడం చాలా మేలు చేసింది, ఒప్పుకుంటాను. కానీ బస్సు మెయిన్ రోడ్డు మీద ఆగుతుంది, తండా గడప ముందు కాదు. పదో తరగతి స్పెషల్ క్లాసు అయ్యేదాకా అది ఆగదు. బస్సు దాకా నడిపించేదీ, బస్సు తప్పినా ఇల్లు చేర్చేదీ సైకిలే.

"అయితే స్కూటీ కొనిస్తాం" అంటారు ఇంకొందరు. ఎనిమిదో తరగతి పిల్లకి లైసెన్సు ఎవరిస్తారమ్మా? పెట్రోలు ఎవరు పోయిస్తారు? చివరికి ఆ స్కూటీ అన్న నడుపుతాడు, చెల్లి వెనక కూర్చుంటుంది. అన్నకి తీరిక లేని రోజున చెల్లికి బడి లేదు.

సైకిల్ చిన్న వస్తువే. అది తెచ్చే మార్పు చిన్నది కాదు. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకి సైకిళ్ల పథకం పెట్టారు. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కలు తీసి చూస్తే, ఆ వయసు ఆడపిల్లలు హైస్కూల్లో చేరడం 32 శాతం పెరిగింది. చేరికలో మగపిల్లలకీ ఆడపిల్లలకీ ఉన్న తేడా 40 శాతం తగ్గింది. బడి 3 కిలోమీటర్లకి మించి ఉన్న ఊళ్లలోనే ఎక్కువ ఫలితం కనబడింది. అందరికీ ఒకేసారి సైకిళ్లు రావడంతో పిల్లలు గుంపుగా వెళ్లారు. ఒంటరి పిల్లని చూసి నోరు పారేసుకునేవాడు ఇరవైమందిని చూస్తే పక్కకి తప్పుకుంటాడు.

తమిళనాడు పుదుక్కోట్టైలో అయితే 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటే ఆడవాళ్లకి సైకిల్ నేర్పించారు. లక్షమందికి పైగా నేర్చుకున్నారని పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. వాళ్లు కాలేజీ పిల్లలు మాత్రమే కాదు. కూలీలు, రాతి క్వారీల్లో పనిచేసేవాళ్లు, అంగన్‌వాడీ టీచర్లు, నర్సులు. లేడీస్ సైకిళ్లు చాలక జెంట్స్ సైకిళ్లే తొక్కారు. కొందరికి అవే నచ్చాయి కూడా, ముందు కడ్డీ మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చని! రాయి కొట్టే తల్లులు అక్కడ ముప్పై ఏళ్ల కిందట తొక్కిన సైకిల్‌ని, రాయి తవ్వే మన ప్రాంతంలో ఇవాళ చదువుకున్న తల్లులం మూలన పడేయిస్తున్నాం.

మా చిన్నమ్మాయి బడికి సైకిల్ మీదే వెళుతుంది. "వయసొచ్చిన పిల్ల, అలా కాళ్లాడిస్తూ రోడ్డు మీద ఏంటే?" అని మా బంధువుల్లో ఒక పెద్దావిడ అడిగారు. "పిన్నిగారూ, వయసొచ్చిందనే వెళుతోంది. రాకముందు నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేదాన్ని" అన్నాను. ఆవిడకి కోపం వచ్చింది, అదీ తగ్గింది. నలుగురి మాట నాలుగు రోజులు. మధ్యలో ఆగిన చదువు నలభై ఏళ్లు.

మరి భయం సంగతి? భయం నాకూ ఉంది. గేటు దగ్గర నిలబడి గడియారం చూస్తూనే ఉంటాను. ఆ భయాన్ని పిల్ల మీద కాదు, పంచాయతీ మీద పెట్టాలంటాను. ఈసారి గ్రామసభకి మనం పదిమందిమి వెళదాం. అడగాల్సినవి నాలుగే. బడి మొదలయ్యే గంటలో, వదిలే గంటలో ఊరి రోడ్ల మీద బరువు లారీలు ఆగాలి. తారు అంచు దిగుడు మొరంతో నింపి చదును చేయాలి. ఏడాదికి రెండుసార్లు తుమ్మ కొమ్మలు కొట్టాలి. వడ్లకి కల్లాలు కట్టి రోడ్డు ఖాళీ చేయించాలి. పంచాయతీ చేతిలో లేనిదుంటే తీర్మానం రాసి పై ఆఫీసుకి పంపించమందాం, పంపారో లేదో మళ్లీ సభలో అడుగుదాం.

పై ఆఫీసు జవాబు వచ్చేదాకా ఒక పని మన చేతిలోనే ఉంది. వీధిలో పిల్లలందరినీ ఒకే టైముకి, ఒకే వరసలో పంపిద్దాం. వంతులవారీగా ఒక తల్లి వాళ్ల వెనక సైకిల్ మీద వెళుతుంది. మనకి రాదంటారా? నలభై దాటాక పప్పు రుబ్బడానికి మిక్సీ నేర్చుకున్నాం, డబ్బులు పంపడానికి ఫోన్ నేర్చుకున్నాం. రెండు చక్రాలు ఎంత? ముందు ఆ బొంతలు తీసి వేరే చోట ఆరేయండి.